కాలు తియ్యొద్దు

టైర్ల విషయంలో నేను ఏ పొరపాటూ చెయ్యలేదు. ముందుగా ఆ మాట రాసిపెట్టి, తర్వాత మిగతాది రాస్తాను.

అక్టోబరు మొదటి వారంలో, ఇంకా మంచు మొహం చూడకముందే, మా అమ్మాయి సైమా కారుని వెర్నర్ గ్యారేజికి తీసుకెళ్ళి నాలుగు చక్రాలకీ మంచు టైర్లు వేయించాను. మా ఊళ్ళో చాలామంది ముందు చక్రాలకి రెండు వేయించి సరిపెట్టుకుంటారు. వెర్నర్ కూడా అదే అన్నాడు.

"రెండు చాలు మాస్టారూ. బండిని లాగేవి ముందువేగా."

"లాగడం కాదురా, ఆగడం సంగతి చూడు. ముందువి పట్టుకుని వెనకవి జారితే కారు బొంగరంలా తిరిగిపోదూ?"

"ఈ పాఠం నాకు స్కూల్లో మీరే చెప్పారు లెండి."

"మరి అందరికీ రెండే ఎందుకు వేస్తున్నావు?"

"నాలుగు అంటే నేను అంటగడుతున్నానంటారు. మీరంటే పాఠం, నేనంటే బేరం."

సైమా పక్కనే నిలబడి నవ్వుతోంది. దానికి అప్పుడు ఇరవై ఏళ్ళు. నేను కొత్త టైరు మీద గోరు గుచ్చి చూస్తున్నాను. చలికి రబ్బరు రాయిలా బిగుసుకుపోతే గాడి ఎంత లోతుగా ఉన్నా లాభం లేదు. ఇవి మెత్తగా ఉన్నాయి.

"ఒక ముద్దు కూడా పెట్టెయ్ నాన్నా, ఆ ముచ్చటా తీరిపోతుంది" అంది సైమా.

గాలి ఎంత ఉండాలో చూడ్డానికి డాష్‌బోర్డు అరలోంచి కారు పుస్తకం తీశాను. టైర్ల పేజీ వెతికి, ఆ అంకె వెర్నర్‌కి చదివి వినిపించి, పుస్తకం మూసి అరలో పెట్టేశాను. బ్రేకుల పేజీ అక్కణ్ణుంచి ఆరు కాగితాల అవతల ఉంది. తర్వాత లెక్కపెట్టాను.

నా పేరు తౌనో. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. దాంతోపాటు పిల్లలకి కారు నడపడం నేర్పే పని కూడా ఇరవై రెండేళ్ళుగా నాదే. జనవరి నెలాఖరుకి ఊరి సరస్సు జానెడున్నర మందాన గడ్డకట్టాక, పైన పడ్డ మంచుని ట్రాక్టరుతో తోయించి, పాత టైర్లు గుర్తులుగా నిలబెట్టి, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే దాని మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని కారు స్లెడ్డు బండిలా జారిపోతుంది. అందుకని కొంచెం నొక్కు, ఇంకొంచెం నొక్కు, వదులు. మళ్ళీ నొక్కు, నొక్కు, వదులు. ఇక్కడి గనుల్లో పనికి ఫిన్లండ్ నుంచి వచ్చిన మా తాతల భాషలో దాన్ని పైకి అనిపించేవాణ్ణి: యుక్సి, కక్సి, ఇర్తి. ఒకటి, రెండు, వదులు. ఆ భాష రాని ఇళ్ళ పిల్లలు కూడా అలాగే అనేవాళ్ళు. సైమా అయితే నాలుగో ఏటనే వెనక సీట్లో కూచుని, ముందు సీటుని కాలితో తంతూ అనేది. ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళలోపు వాళ్ళు ఎవరు బ్రేకు మీద కాలు పెట్టినా అది నేను పెట్టించిన కాలే. ఆ సంగతి నాకు గర్వంగా ఉండేది.

డిసెంబరు పదకొండు, శనివారం. సైమా పక్క పట్నంలో ఆస్పత్రిలో పనిచేస్తూ అక్కడే ఒక గదిలో ఉండేది. శనివారం శనివారం సౌనాకి ఇంటికి వచ్చేది. పెరట్లో ఆ చిన్న కొయ్యగది మా మామగారు కట్టింది. వారానికోసారి ముగ్గురం అందులో కూచుని, కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుని, ఆ ఆవిరిలో వారం బడలిక వదిలించుకునేవాళ్ళం. మూడు గంటలకి నా భార్య ఎల్మా ఫోను చేసింది.

"పొయ్యి అంటించేశాను. రాళ్ళు కాగుతున్నాయి. త్వరగా రా."

"రాళ్ళెక్కడికీ పారిపోవు లేమ్మా" అందిట సైమా.

పాత గని దగ్గర రోడ్డు వాలుగా దిగి పెద్ద రోడ్డులో కలుస్తుంది. అక్కడ ఆగి చూసుకుని వెళ్ళాలి. పొద్దున పడ్డ మంచు బళ్ళ కింద నలిగి నలిగి గాజులా అయింది. పెద్ద రోడ్డు మీద దుంగల లారీ వస్తోంది. సైమా కారు ఆగాల్సిన చోట ఆగలేదు. ఒక కారు పొడవు ముందుకి వెళ్ళింది. అంతే.

లారీ నడిపినవాడి తప్పు ఏమీ లేదు. అంత్యక్రియలప్పుడు చర్చిలో చివరి బల్ల వెనక టోపీ చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు, కూచోలేదు.

ఆ రోజు సౌనా పొయ్యి దానంతటదే ఆరిపోయింది. మళ్ళీ ఎవరం అంటించలేదు.

ఎల్మా ఏడ్చేదికాదు. కాఫీ పోస్తూ అనేది, గిన్నె తుడుస్తూ అనేది, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేది: "నేనే తొందరపెట్టాను. రాళ్ళు కాగుతున్నాయి, త్వరగా రమ్మన్నాను." పాస్టరుగారు అది అలా కాదమ్మా అన్నారు. నేనూ అలా కాదన్నాను. మరి ఎలాగో నాకు తెలియదు అప్పటికి.

అంత్యక్రియలైన పది రోజులకి వెర్నర్ కబురు పెట్టాడు. కారుని వాడే లాక్కొచ్చి గ్యారేజి వెనక టార్పాలిన్ కప్పి ఉంచాడు. అందులో సైమా వస్తువులు ఒక అట్టపెట్టెలో సర్దాడు. ఉన్ని మఫ్లరు, రెండు పాటల కేసెట్లు, వాళ్ళమ్మ కోసం కొన్న యాలకుల పొట్లం, కారు పుస్తకం.

"బ్రేకులు విప్పి చూశాను మాస్టారూ" అన్నాడు. "పోలీసులు చూడమన్నారని కాదు, నాకోసమే చూశాను. నేను వేసిన టైర్లు కదా, నిద్రపట్టలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. టైర్లు కొత్తవి. బ్రేకులు కొత్తవాటిలా ఉన్నాయి."

"వేగంగా వచ్చిందా?"

"లేదండీ. ఆ వాలు దగ్గర మంచు మీద అచ్చులు నేను చూశాను, మళ్ళీ మంచు పడకముందే. కొంత దూరం నలిగింది, కొంత దూరం టైరు గాడి చక్కగా పడింది. మళ్ళీ నలిగింది, మళ్ళీ గాడి. కింద దాకా అంతే." వాడు చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. "కంగారు పడలేదు మాస్టారూ. అది చెబుదామనే పిలిచాను. చివరిదాకా మీరు నేర్పినట్టే చేసింది. యుక్సి, కక్సి, ఇర్తి."

వాడు నన్ను ఓదార్చడానికే ఆ మాట అన్నాడు. నేను వాడికి థాంక్స్ చెప్పి, పెట్టె తీసుకుని, నా పికప్పులో కూచున్నాను. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఏదో ఒకటి చదవాలి కనుక పుస్తకం తీశాను. ఎప్పుడూ అంతే, ఏం చెయ్యాలో తెలియనప్పుడు చదువుతాను.

ఆ కారుకి ఏబీఎస్ ఉంది, చక్రాలు బిగుసుకోకుండా బ్రేకు తనంతట తనే చూసుకునే ఏర్పాటు. కొనేటప్పుడు అమ్మినతను చెప్పాడు, నేను తల ఊపాను. బ్రేకులు ఇంకా మంచివన్నమాట, మన పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుందన్నమాట అనుకున్నాను. పుస్తకంలో ఇలా ఉంది: జారే రోడ్డు మీద ఆపవలసి వస్తే పెడల్‌ని గట్టిగా నొక్కి, అలాగే ఉంచండి. మీ కాలి కింద పెడల్ అదురుతుంది, గరగరమని చప్పుడు వస్తుంది. అది మామూలే. కాలు తియ్యకండి. నొక్కి వదిలి చెయ్యకండి. అలా చేస్తే కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

రెండుసార్లు చదివాను. తర్వాత ఇంకోసారి.

నొక్కి ఉంచితే ఆ రోజు కారు ఆగి ఉండేదని ఎవరూ చెప్పలేరు. ఆ మాట కూడా రాయాలి. వాలు అలాంటిది, మంచు అలాంటిది. కానీ కావలసింది ఒక కారు పొడవే.

స్కూల్లో నా బల్ల సొరుగులో ఇరవై రెండేళ్ళ రిజిస్టరు ఉంది. నా దగ్గర కారు నేర్చుకున్న ప్రతివాళ్ళ పేరూ, ఏడాదీ అందులో ఉన్నాయి. క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు వెళ్ళి దాన్ని పికప్పులోకి తెచ్చుకున్నాను. ఊళ్ళో ఉన్నవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళడం మొదలుపెట్టాను. వెళ్ళి చెప్పి వచ్చాక పేరు పక్కన పెన్సిలుతో గీత పెట్టేవాణ్ణి. ఎల్మాతో స్కూలు పని ఉందని చెప్పేవాణ్ణి.

గ్రేస్ ట్రెవారో ఇంటికి జనవరి రెండో వారంలో వెళ్ళాను. చేతులకి పిండితోనే తలుపు తీసింది. వెనకాల ఇద్దరు పిల్లలు ఒకే బూటు కోసం కొట్టుకుంటున్నారు.

"అయ్యో, మాస్టారూ! రండి, రండి. చెత్తడబ్బాని గుద్దానని నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశారు. మూడో పరీక్షకి ఇంటికే వచ్చేశారా?"

"మీ కారు ఎప్పుడు కొన్నారు గ్రేస్?"

"పోయిన వేసవిలో. ఎందుకండీ?"

"తాళం తిప్పగానే ఏబీఎస్ అని పసుపు దీపం వెలిగి ఆరిపోతుందా?"

"ఏమో, క్రిస్మస్ చెట్టులా చాలా వెలుగుతాయి. ఎవరు చూస్తారు?"

ఇద్దరం బయటికి వెళ్ళి కారులో కూచున్నాం. తాళం తిప్పింది. దీపం వెలిగింది, ఆరింది.

"ఈ దీపం ఉన్న కారుకి నేను చెప్పింది తప్పు" అన్నాను. "ఇందులో బ్రేకు దానంతటదే, మనిషి కాలికి సాధ్యం కానంత వేగంగా, పట్టి వదిలి, పట్టి వదిలి చేస్తుంది. మనం వదిలితే దాని పని చెడగొట్టినట్టే. గట్టిగా నొక్కు. నొక్కి అలాగే ఉంచు. కాలికింద అదురుతుంది, ఏదో విరిగినట్టు చప్పుడొస్తుంది. కాలు తియ్యొద్దు. దీపం లేని పాత బండి అయితే పాత పద్ధతే."

"మరి యుక్సి, కక్సి..."

"అది మరిచిపో."

"ఎలా మరిచిపోతానండీ? నిద్రలో లేపి అడిగినా వస్తుంది." నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. నా మొహం వైపు చూడకుండా స్టీరింగు మీద అంటిన పిండిని గోటితో గీకుతూ కూచుంది. "మాస్టారూ, సైమా కారుకి..." అంది.

"దానికీ ఉంది."

నేను దిగబోతుంటే, "ఎల్మాగారికి తెలుసా?" అంది. నేను చలికి అద్దం మీద పేరుకున్న మంచు తుడిచాను. గ్రేస్ లోపలికి వెళ్ళి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన, మాంసం, ముల్లంగి కూరిన పేస్టీలు నాలుగు గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది.

అందరూ గ్రేస్‌లా ఉండరు. కొందరు నవ్వి, మాకు తెలుసు మాస్టారూ, టీవీలో చూశాం అన్నారు. కొందరు వినలేదు. దుంగలు కొట్టే పని చేసే ఒకతను తలుపు సగమే తెరిచి, "ఇన్నాళ్ళకి ఇప్పుడా చెప్పడం?" అన్నాడు. పేరు పక్కన గీత పెట్టుకుని వచ్చేశాను. ఆ జనవరి క్లాసు పిల్లలకీ చెప్పాను. నల్లబల్ల మీద రాశాను కూడా. గొంతు మామూలుగానే ఉంది.

గ్రేస్ ఇంటికి వెళ్ళొచ్చిన సాయంత్రం, ఆవిడ ఇచ్చిన పేస్టీని ఎల్మా చేతిలో తిప్పి చూసింది.

"అంచు ఇలా తాడు పేనినట్టు మడిచేది గ్రేస్ ఒక్కతే. వాళ్ళింటికెందుకు వెళ్ళావు?"

"దారిలో కనబడి ఇచ్చింది."

"పిండి కలిపే వేళ దారిలో ఏం చేస్తోంది?"

నేను ఆకలిగా ఉన్నట్టు తిన్నాను. ఆవిడ సగం తిని, మిగతా సగం గుడ్డలో చుట్టి, "సైమాకి ముల్లంగి ఎక్కువ వేస్తే నచ్చేది కాదు" అంది. తర్వాత ఎప్పటి మాటే. నేనే తొందరపెట్టాను. నేను ఎప్పటిలాగే, అలా కాదు ఎల్మా అన్నాను. ఇప్పుడు ఎలాగో తెలిసి అన్నాను. ఊళ్ళో డెబ్భై ఇళ్ళలో చెప్పగలిగిన మాట మా వంటింట్లో చెప్పలేకపోయాను. ఆవిడ మోస్తున్న బరువు ఆవిడది కాదని తెలిసి, దించుకోమని చెప్పకుండా దాదాపు ఎనిమిది వారాలు ఎదురుగా కూచుని కాఫీ తాగాను. నేను చేసిన తప్పుల్లో మొదటిది పిల్లలకి అలా నేర్పడం. ఇది రెండోది. మొదటిది తెలియక చేశాను.

ఫిబ్రవరి మూడో వారం, శుక్రవారం. స్కూలు నుంచి వచ్చేసరికి రిజిస్టరు వంటింటి బల్ల మీద ఉంది. పొద్దున నేను బయల్దేరకముందు చేతి తొడుగుల కోసం పికప్పులో వెతికిందట. ఎల్మా కుర్చీలో కూచుని ఉంది. ముందున్న కాఫీ మీద మీగడ కట్టింది.

"గ్రేస్‌కి ఫోను చేశాను" అంది. "పాపం, అది చెప్పనంది. ఏడ్చింది. తర్వాత చెప్పింది."

నేను కోటు విప్పలేదు.

"ఇందరికి గీతలు పెట్టావు." పేజీ తిప్పింది. నాలుగేళ్ళ కిందటి జనవరి. పన్నెండు పేర్లు, అన్నింటి పక్కనా గీతలు, ఒక్కదానికి తప్ప. ఆ పేరు మీద వేలు పెట్టలేదు. దాని పక్కన, ఖాళీగా ఉన్న చోట పెట్టింది. "నేనే తొందరపెట్టానని నీతో ఎన్నిసార్లు అని ఉంటాను, తౌనో?"

"చాలాసార్లు."

"అన్నప్పుడల్లా విన్నావు."

"విన్నాను."

ఆవిడ లేచి కాఫీ పారబోసి కప్పు కడిగింది. కడిగిన కప్పుని మళ్ళీ కడిగింది. నీళ్ళ చప్పుడులోంచే అడిగింది: "సరస్సు ఇంకా గట్టిగానే ఉందా?"

"ఉంది. మార్చి దాకా ఉంటుంది."

"రేపు శనివారం. అలాంటి బ్రేకున్న కారు ఒకటి తీసుకురా. నాకు నేర్పు."

ఎల్మాకి కారు నడపడం వచ్చు గాని శీతకాలంలో ఎప్పుడూ నడపలేదు. నా రిజిస్టరులో ఆవిడ పేరు లేదు. మర్నాడు వెర్నర్ తన కారు తాళాలు ఇచ్చాడు. ఎందుకని అడగలేదు. "టైర్లు నాలుగూ మంచువే మాస్టారూ" అని మాత్రం అన్నాడు.

సరస్సు మీద గాలి లేదు. దూరంగా చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు రెండు, వాటి పొగ నిటారుగా పైకి పోతోంది. నేను పాత టైరు ఒకటి గుర్తుగా నిలబెట్టి వచ్చి ఎల్మా పక్కన కూచున్నాను. సైమా మఫ్లరు ఆవిడ మెడలో ఉంది.

"ఎంత వేగం?" అంది.

"ఇరవై అయిదు మైళ్ళు. నేను చెప్పినప్పుడు..."

"ముందు సైమా చేసినట్టు చేస్తాను. నువ్వేమీ చెప్పకు."

బయల్దేరింది. టైరు దగ్గర పడుతోంది. ఆవిడ పెదవులు కదిలాయి. ఇరవై రెండేళ్ళు ఆ పాట మా ఇంట్లో ఉంది కదా, ఆవిడకి నేర్పక్కర్లేదు. యుక్సి, కక్సి, ఇర్తి. యుక్సి, కక్సి, ఇర్తి. పెడల్ ఒకసారి గరగరమంది, ఆవిడ కాలు వదిలింది. మళ్ళీ గరగర, మళ్ళీ వదిలింది. టైరు పక్కనించి వెనక్కి వెళ్ళిపోయింది. అప్పటికి ఆగాం.

ఎల్మా దిగింది. కారు వెనకగా నడిచి టైరు దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి కారు దాకా తిన్నగా, పాదం ముందు పాదం పెట్టి నడుచుకుంటూ వచ్చింది. ఎన్ని పాదాలో నాకు చెప్పలేదు. ఎక్కి తలుపు వేసుకుంది.

"ఆ చప్పుడుకి ఏదో విరిగిందనుకుంటారెవరైనా" అంది.

"ఏదీ విరగలేదు. దాని పని అది చేస్తోంది."

"సైమాకి అది తెలియదుగా."

"తెలియదు. నేను చెప్పలేదు."

ఆ మాట ఇంతకాలానికి ఆవిడ ముందు అన్నాను. ఎల్మా కారు వెనక్కి తిప్పి మొదటి చోటికి తీసుకెళ్ళింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

మళ్ళీ అదే వేగం. అదే టైరు.

"నొక్కు."

నొక్కింది. కారు కిందంతా గరగరమని అదిరింది. ఆవిడ పెదవులు మళ్ళీ కదలబోయాయి.

"లెక్కపెట్టకు. అలాగే ఉంచు. కాలు తియ్యొద్దు ఎల్మా. కాలు తియ్యొద్దు."

తియ్యలేదు. కారు నెమ్మదించి, నెమ్మదించి, ఒకసారి ముందుకి ఊగి ఆగింది. ముందు అద్దంలోంచి టైరు కనబడుతోంది, ఇంకా ఎదురుగానే నిలబడి ఉంది. మధ్యలో మరో కారు పట్టేంత చోటుంది.

చప్పుడు ఆగిపోయింది. ఎల్మా రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ, పెడల్‌ని అలాగే నొక్కిపట్టి కూచుంది. కారు ఆగి చాలాసేపైంది. కాలు తియ్యమని నేను అనలేదు.